పాత చిట్టాలు, ఆవర్జాలు కంప్యూటర్‌లోకి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురంలో మాది రైస్ మిల్లు, ధాన్యం వ్యాపారం. తాతగారి కాలం నుంచి పోగుపడ్డ చిట్టాలు (రోజువారీ లెక్కల పుస్తకాలు), ఆవర్జాలు (ఖాతా పుస్తకాలు), మిగతా కాగితాలన్నీ స్కాన్ చేయించి, పేరు కొడితే పుట తెరుచుకునేలా చేసుకున్నాం. ఆ సంగతి తెలిసి పర్లాకిమిడి, రాయగడ, జయపురం వ్యాపారులు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలే ఇవి. వాళ్ళు అడిగిన మాటల్లోనే పెట్టాను.

పాత కాగితాలు ఎవరు చూస్తారండీ? అంత ఖర్చు దేనికి?

ఏడాదికి రెండుసార్లు చూస్తారేమో. ఆ రెండుసార్లూ అర్జంటే. మిల్లు వెనక ఖాళీ స్థలం మీద తగాదా వచ్చినప్పుడు 1962 నాటి శిస్తు రసీదు కోసం ముగ్గురం నాలుగు రోజులు అటక మీదే ఉన్నాం. చివరికి దొరికింది, పెళ్ళి శుభలేఖల కట్టలో. ఇప్పుడదే రసీదు తీయడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టదు. ఖర్చు సంగతి ఆ నాలుగు రోజుల జీతాలతో లెక్కేసుకోండి.

అన్నీ స్కాన్ చేయాలా?

వద్దు. ముందు ఏరండి. నాలుగు కాపీలున్న ఒకే బిల్లు, ఖాళీ ఫారాలు, పాత క్యాలెండర్లు స్కాన్ చేస్తే డబ్బు దండగే కాదు, తర్వాత వెతికేటప్పుడు చెత్త కూడా అవే.

మొదట ఆస్తి కాగితాలు, లైసెన్సులు, ఒప్పందాలు, బ్యాంకు తనఖా పత్రాలు. ఆ తర్వాత పీఎఫ్, జీతాల రిజిస్టర్లు, ఎందుకంటే ఎప్పుడో మానేసిన కూలీ కూడా పెన్షన్ కోసం వచ్చి అడుగుతాడు. తర్వాత చట్టం ఉంచమన్న లెక్కలు. మిగతావి తీరిక ఉంటేనే. మేము మాత్రం ఈ వరస తప్పి, చూడ్డానికి బాగున్నాయని ఎర్ర అట్టల చిట్టాలతో మొదలుపెట్టాం. రెండు నెలలు పోయాయి.

చట్టం ఎన్నేళ్ళు ఉంచమంటుంది?

కంపెనీల చట్టం 2013, సెక్షన్ 128 ప్రకారం లెక్కల పుస్తకాలు, వోచర్లు కనీసం గడిచిన 8 ఆర్థిక సంవత్సరాలవి ఉండాలి. జీఎస్టీకి ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. అప్పీలో, విచారణో నడుస్తుంటే అది తేలాక ఇంకో ఏడాది, లేదా ఆ 72 నెలలు, ఏది ఆలస్యమైతే అది. ఇవన్నీ కనీస గడువులు. స్థలం తగాదాకు ఈ లెక్కలేమీ వర్తించవు, అక్కడ తాత కాలం కాగితమే కావాలి.

స్కాన్ అయ్యాక కాగితాలు తగలబెట్టేయొచ్చా?

అందరూ ఆశగా అడిగేది ఇదే. గోదాం ఖాళీ అవుతుందని. రిజిస్టరైన దస్తావేజులు, స్టాంపు కాగితం మీద రాసినవి, వీలునామాలు, అసలు సంతకాలున్న ఒప్పందాలు, ప్రామిసరీ నోట్లు ఎప్పటికీ పారేయకండి. మామూలు బిల్లులు, డెలివరీ చలాన్లు గడువు దాటితే, అదీ మీ ఆడిటర్ రాతపూర్వకంగా సరేనంటే, తీసేయొచ్చు. తీసేసిన వాటి జాబితా ఒకటి రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి దాచండి. రేపు ఎవరైనా అడిగితే పోగొట్టుకున్నామనడానికీ, పద్ధతి ప్రకారం తీసేశామనడానికీ చాలా తేడా ఉంది.

కోర్టులో స్కాన్ కాపీ చెల్లుతుందా?

అసలు కాగితం ఉంటే అదే చూపించాలి. ఎలక్ట్రానిక్ రికార్డుగా ఇవ్వాలంటే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 చూడాలి. పాత చట్టంలో ఇది 65బి. దాని ప్రకారం సర్టిఫికెట్ జత చేయాలి: ఒక భాగం కంప్యూటర్ బాధ్యత ఉన్నవాళ్ళు, రెండో భాగం నిపుణుడు సంతకం పెట్టేది. అందులో ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకి వేలిముద్ర లాంటిది, ఒక్క చుక్క మారినా మొత్తం మారిపోతుంది. అందుకే స్కాన్ అయిన రోజే ప్రతి ఫైలుకి ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో హ్యాష్ విలువ తీసి ఒక పట్టికలో పెట్టేయండి. పదేళ్ళ తర్వాత తీస్తే అప్పటి ఫైలు ఇదేనని ఎవరు నమ్ముతారు? కేసు నడుస్తున్న కాగితాలైతే వకీలును అడక్కుండా ఏదీ కదపకండి.

ఫోన్‌తో ఫోటో తీస్తే చాలదా?

పది కాగితాలకి చాలు. పది వేలకి చాలదు. వంకర, నీడ, వేలు అడ్డం పడటం. పైగా ఆ ఫోటోలన్నీ పెళ్ళి ఫోటోల మధ్య కలిసిపోతాయి.

విడి కాగితాలకి, అవి గట్టిగా ఉంటే, వరసగా లాక్కునే ఫీడర్ స్కానర్. పెళుసు కాగితం ఫీడర్లో పెడితే అప్పడంలా విరుగుతుంది, దానికి అద్దం మీద పెట్టే ఫ్లాట్‌బెడ్. కుట్టిన చిట్టాలకి పైన కెమెరా ఉండే స్కానర్, కింద వి ఆకారంలో ఊయల ఉంటే మరీ మంచిది, వెన్ను విరగదు. మేము మొదట ఒక చిట్టాని ఫ్లాట్‌బెడ్ మీద బోర్లించి నొక్కాం. కుట్టు ఊడిపోయి మధ్య పుటలు చేతికొచ్చాయి. మా గుమస్తా గారు ఏమీ అనలేదు, దబ్బనం, దారం తెచ్చుకుని కూర్చున్నారు.

స్కాన్ కంటే ముందు పని ఏమిటి?

గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తీయడం. సగం టైం దీనికే పోతుంది, ముందే చెప్తున్నా. తుప్పు పట్టిన పిన్ను లాగితే కాగితం చిరుగుతుంది, సన్నటి రేకు కింద దూర్చి వదులు చేసి తీయాలి. మడతలు విప్పడం, దుమ్ము మెత్తటి బ్రష్‌తో బయటికి దులపడం. ఫ్యాక్స్ కాగితాలు, ఏటీఎం, తూకం చీటీలు కనిపిస్తే అన్నిటికంటే ముందు అవే స్కాన్ చేయండి. వేడితో అచ్చయ్యే ఈ థర్మల్ కాగితం ఎండకి, వేడికి తెల్లబోతుంది. మా దగ్గర ఒక వేబ్రిడ్జి చీటీల కట్ట మొత్తం తెల్ల కాగితాలే మిగిలింది.

ఎంత రిజల్యూషన్? ఏ ఫార్మాట్?

మామూలు అచ్చుకి, టైపుకి 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు. చిన్న అక్షరాలకి, వెలిసిన సిరాకి 400. మ్యాపులు, ప్లాన్లకి 600. నలుపు తెలుపులో వద్దు, రంగులోనే తీయండి. ఎర్ర సిరా అప్పు, నల్ల సిరా జమ అని రాసుకున్న చిట్టాని నలుపులో తీస్తే లెక్క అర్థమే పోతుంది.

ఏ4 కాగితం 300 డీపీఐలో రంగులో తీస్తే కుదించకుండా దాదాపు 26 ఎంబీ. ఆస్తి కాగితాలకి కుదించకుండా దాచే టిఫ్‌లో ఉంచుకోండి. మిగతావాటికి పీడీఎఫ్/ఏ సరిపోతుంది. అది ఎక్కువ కాలం దాచడానికే 2005లో వచ్చిన ప్రమాణం, ఫాంట్లూ రంగులూ ఫైలులోనే ఉంటాయి. కుదించాక పుటకి సుమారు 1 ఎంబీ అనుకుంటే 30,000 పుటలు 30 జీబీ, అంటే ఒక పెన్‌డ్రైవ్‌లో పడతాయి. పెన్‌డ్రైవ్‌లోనే దాచమని కాదు.

తెలుగు కాగితాల్లో వెతికితే దొరుకుతుందా? ఒడియా సంగతి?

స్కాన్ అంటే ఉత్త బొమ్మ. అందులో చుక్కలే కానీ అక్షరాలుండవు. బొమ్మలోంచి అక్షరాలు పట్టేది ఓసీఆర్. పైన బొమ్మ, దాని వెనక కనపడని అక్షరాలు, ఇదీ వెతకగలిగే పీడీఎఫ్. ఉచితంగా దొరికే టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రాం తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ చదువుతుంది. ఒకే పుటలో మూడూ ఉంటే మూడు భాషలూ పెట్టి నడపాలి. నాప్స్‌2 అనే స్కానింగ్ ప్రోగ్రాంలోనూ ఇదే ఇంజిన్ ఉంది, ఇంగ్లీషు మెనూ చూసి భయపడనక్కర్లేదు.

ఇంగ్లీషు టైపు బాగా వస్తుంది. శుభ్రమైన తెలుగు అచ్చు ఫరవాలేదు. ఒత్తులు అరిగిపోయిన అచ్చులో మ, య ఒకటైపోతాయి, ద, ధ ఒకటైపోతాయి. అరసున్న, వలపలగిలక ఉన్న పాత అచ్చు దగ్గర తడబడుతుంది. కార్బన్ కాపీ, సైక్లోస్టైల్ అయితే దేవుడి మీద భారం. అందుకే ఓసీఆర్‌ని పూర్తిగా నమ్మి కూర్చోకండి. బిల్లులకి అది చాలు, ఆస్తి కాగితాలకి మనిషి చూడాల్సిందే.

ఇంకో మాట. పదిహేను, ఇరవై ఏళ్ళ కిందట డీటీపీ వాళ్ళు అను ఫాంట్లలో టైపు చేసిన ఉత్తరాలు కంప్యూటర్లో ఉన్నాయి కదా అని వదిలేయకండి. కంటికి తెలుగే, లోపల ఉండేవి వేరే గుర్తులు. తెలుగు అక్షరాలకి అన్ని కంప్యూటర్లలో ఒకటే గుర్తు ఉండే యూనికోడ్‌లోకి మార్చేదాకా వెతుకులాటకి దొరకవు.

చేతిరాత చిట్టాలు?

మా చిట్టాలు గొలుసుకట్టు రాత. అక్షరం విడిచి అక్షరం పెన్ను లేవదు. నేను చదవలేను, మా అబ్బాయి తెలుగు చదవనే చదవడు, ఒడియా మీడియం. కంప్యూటర్‌ని ఏమనగలం?

అందుకే మొత్తం చదివించాలనుకోలేదు. ప్రతి పుటకి నాలుగు గడులే నింపాం: తేదీ, పార్టీ పేరు, ఊరు, సరుకు. డబ్బు ఎంతన్నది మాత్రం బొమ్మలోనే చూసుకుంటారు. చదివింది మా పాత గుమస్తా గారు, డెబ్బై దాటినవారు. ఉదయం పది నుంచి పన్నెండు దాకా ఆయన చదువుతుంటే పక్కన అమ్మాయి టైపు చేసేది. రోజుకి మహా అయితే నలభై పుటలు. ఆయనకి కళ్ళు బాగుండగానే చేయించుకున్నాం. మీ ఇంట్లోనో, వీధిలోనో అలాంటివారు ఉంటే ఈ పని మొదట చేయండి, స్కానర్ తర్వాత కొనొచ్చు.

పార్టీ పేరు కొడితే సగమే వస్తున్నాయి. ఎందుకు?

మన ప్రాంతంలో ఈ పనికి అసలు చిక్కు ఇక్కడే. హైదరాబాద్ కంపెనీకి చెప్తే అర్థం కాదు.

ఒకే మనిషి తెలుగు చిట్టాలో సుబ్బారావు, ఇంగ్లీషు బిల్లులో ఎస్. రావు, ఒడియా పట్టాలో సుబారావ్. ఊళ్ళు మరీను. బరంపురం, బెర్హంపూర్, బ్రహ్మపుర్ ఒకటే. పర్లాకిమిడి, పారలాఖెముండి ఒకటే. జయపురం, జేపూర్ ఒకటే, దాన్ని రాజస్థాన్ జైపూర్‌తో కలిపేసిన ఘనుడు మా దగ్గరే ఉన్నాడు. పైగా జిల్లా మారింది. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబర్ 2న ఏర్పడ్డాయి. కాబట్టి 1985 నాటి పర్లాకిమిడి కాగితం మీద గంజాం జిల్లా అనే ఉంటుంది. రాయగడ కాగితం మీద కోరాపుట్ జిల్లా. ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1కి ముందైతే గంజాం, కోరాపుట్ మద్రాసు ప్రెసిడెన్సీ కింద. ఒరిస్సా పేరే 2011లో ఒడిశా అయింది.

మేము చేసింది ఒక పేర్ల పట్టిక. ప్రతి పార్టీకి ఒక నంబరు, ఆ నంబరు ఎదురుగా అతని పేరు ఎన్ని రకాలుగా కనిపిస్తే అన్నీ. ఊరికీ అంతే. ఎవరు ఏది కొట్టినా నంబరు దగ్గరికే వెళ్తుంది. కాగితం మీద ఉన్న పేరుని మాత్రం దిద్దకండి. ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, మన నంబరు ఇంకో గడిలో. ఈ పట్టిక ఎక్సెల్‌లోనే నడుస్తుంది, పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. దీనికి పెట్టిన టైం స్కానింగ్‌కి పెట్టిన టైం కంటే ఎక్కువ. దీన్ని వదిలేసి స్కాన్ చేయించుకున్నవాళ్ళ దగ్గర ఇప్పుడు అటకకి బదులు హార్డ్‌డిస్క్ ఉంది, అంతే.

పాత తేదీలు, అణాలు, మణుగులు ఎలా ఎక్కించాలి?

రాసినట్టే ఎక్కించి, పక్కన నేటి లెక్క.

"మన్మథ నామ సంవత్సర శ్రావణం" అని ఉంటే అది 1895 కావొచ్చు, 1955 కావొచ్చు, 2015 కావొచ్చు. అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది కదా. కాగితం, సిరా, పక్క పుటలు చూసి తేల్చాలి. ఫసలీ (శిస్తు లెక్కల ఏడాది) అయితే మద్రాసు పద్ధతిలో 590 కలపండి: ఫసలీ 1365 అంటే 1955 జులై నుంచి 1956 జూన్ దాకా. జమీందారీ ఒడియా కాగితాల్లో అంక సంవత్సరం (రాజు ఏలుబడి ఏళ్ళ లెక్క) కనిపిస్తే జాగ్రత్త. ఆ లెక్కలో 1 ఉండదు, 6తో ముగిసేవి ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవి ఉండవు. మామూలుగా కూడితే తప్పు ఏడాది వస్తుంది.

1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయి, అణా, పై లెక్క: రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. 12-8-0 అంటే పన్నెండున్నర. 3-5-4 అయితే 3.33, ఇంకా మిగులుతుంది. అందుకే మార్చేసి పాతది చెరపకూడదు.

తూకం దగ్గర మేమే పడ్డాం. మద్రాసు మణుగు దాదాపు 11 కిలోలు. కలకత్తా వైపు నడిచిన బెంగాల్ మణుగు దాదాపు 37. సరిహద్దు వ్యాపారం కదా, ఒకే చిట్టాలో రెండూ. బియ్యం ఎటు వెళ్ళిందో చూస్తే కానీ ఏ మణుగో తెలియదు.

ఫైళ్ళకి పేర్లెలా పెట్టాలి?

మొదటిసారి బయటి సంస్థకి ఇచ్చాం. పేరెందుకు లెండి. నెల తర్వాత హార్డ్‌డిస్క్ ఇచ్చారు, లోపల స్కాన్0001 నుంచి స్కాన్6200 దాకా. చిట్టా ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో లేదు. బిల్లు మాత్రం పక్కాగా ఇచ్చారు.

ఏడాది ముందు, తర్వాత నెల, రోజు: 1987-04-12_బిల్లు_ఛత్రపురం_0231. ఇలా పెడితే దానంతటదే వరసలో నిలబడుతుంది. కట్ట నంబరు అటక మీది కట్ట మీద కూడా రాయండి, అసలు కాగితం కావాలంటే మళ్ళీ వెతుక్కోకుండా.

బయటి వాళ్ళకి ఇవ్వొచ్చా మరి?

ఇవ్వొచ్చు. ముందు ఒక్క కట్ట ఇచ్చి చూడండి. కాగితాలు మీ ఆవరణ దాటకుండా మెషిన్‌నే తెప్పించండి. పుటలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి. పుటకి ఇంత అని ధర చెప్పినప్పుడు పిన్నులు తీయడం, పేర్లు పెట్టడం, తప్పు వస్తే మళ్ళీ తీయడం అందులో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. చౌకగా చెప్పేవాళ్ళు వీటినే వదిలేస్తారు.

తడిసిన, చెదలు పట్టిన కాగితాలు?

తడిసినవి రెండు రోజుల్లోపు ఆరబెట్టకపోతే బూజు పట్టేస్తుంది. ఎండలో వద్దు, ఫ్యాను కింద, పుటల మధ్య తెల్ల కాగితం పెట్టి. ఒక్కసారిగా ఎక్కువ తడిస్తే ప్లాస్టిక్ సంచిలో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, బూజు ఆగుతుంది, తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు. అతుక్కున్న పుటల్ని బలవంతంగా విడదీయకండి. బూజు కట్టల దగ్గర మాస్కు తప్పనిసరి. చెదల కట్ట వేరే గదిలో పెట్టండి, మంచి కట్టల పక్కన కాదు.

కాపీలు ఎక్కడ దాచాలి?

మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఊళ్ళో. వేరే ఊరంటే అందరూ విశాఖ అంటారు, అక్కడ చుట్టాలుంటారు కాబట్టి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను మన గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ విశాఖలో దాటింది. 2018లో తిత్లీ ఉద్దానాన్నీ గజపతి జిల్లానీ కలిపి ముంచింది. ఒకే తీరం మీద రెండు కాపీలు పెట్టడం ఒకే బుట్టలో గుడ్లే. మాది హైదరాబాద్‌లో మేనల్లుడి దగ్గర ఒకటి, క్లౌడ్‌లో ఒకటి.

లెక్కల పుస్తకాలే కంప్యూటర్లో నడిపే కంపెనీ అయితే, రోజువారీ బ్యాకప్ భారత్‌లోనే ఉన్న సర్వర్లో ఉండాలని నిబంధన ఉంది. ఆరునెలలకోసారి ఏదో ఒక ఫైలు కాపీ నుంచి తెరిచి చూడండి. తెరుచుకోని కాపీ కాపీ కాదు.

ఎవరెవరు చూడొచ్చు?

అందరికీ అన్నీ వద్దు. జీతాలు, ఆధార్ కాపీలు, వైద్య కాగితాలు వేరే ఫోల్డర్, ఇద్దరికే తాళం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కంప్యూటర్లోకి ఎక్కించిన కాగితాలకీ వర్తిస్తుంది. కాగితంగా ఉన్నంతకాలం అటక మీద ఎవరూ చూడలేదు, ఇప్పుడు ఒక్క క్లిక్.

చిట్టా అంచుల్లో లెక్కలు కానివి ఉన్నాయి. వదిలేయాలా?

మేము మొదట వదిలేశాం. వడ్ల లెక్క మధ్యలో "ఈవేళ గాలివాన, మిల్లు కట్టేసినాం" అనీ, ఇంకో చోట ఎవరికో పంపిన మందు పేరూ, ఎడ్ల ధరా ఉంటాయి. తర్వాత గుమస్తా గారు పట్టుబడితే "అంచు రాతలు" అని ఐదో గడి పెట్టాం. మొన్న వేసవిలో మా చిన్నాన్న ఇచ్ఛాపురం నుంచి వచ్చి, ఊరికే "గాలివాన" అని కొట్టారు. పదకొండు పుటలు వచ్చాయి. భోజనానికి మూడుసార్లు పిలిచినా లేవలేదు.